గంటకు కట్టిన పీలిక

అడవి గేటు దగ్గర సందర్శకుల ఎనిమిది సైకిళ్లనూ వరుసగా నిలబెట్టి, గైడు బలరాం ఒక్కొక్కదాని గంటకూ పాత చీరపీలిక చుట్టి ముడివేశాడు. లోయ అంచున జింకలు పిల్లలతో మేసే రోజులివి, గంట చప్పుడుకు బెదిరితే ఎటు దూకుతాయో చెప్పలేమని హిందీలో ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు.

యజ్ఞనారాయణకు ఆ ముడి నచ్చలేదు. భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్ఫై ఏళ్లు సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. షిఫ్టు మారే వేళ వేల సైకిళ్లు కదిలే దారిలో, ప్రతి గుడ్డి మలుపు దగ్గరా గంట కొట్టమని బోర్డు పెట్టించినవాడు. గంట నోరు కట్టేసిన సైకిలు ఆయన దృష్టిలో బ్రేకు పీకేసిన సైకిలే. దారి చివర బండల మీద నడక ముగించుకుని అందరూ సైకిళ్ల దగ్గరికి తిరిగొచ్చి నీళ్లు తాగుతుండగా, తన గంటకున్న పీలికను విప్పి జేబులో వేసుకున్నాడు. చూసింది కూతురు మధులత ఒక్కతే.

"ఏటి నాన్నా, ఇక్కడ కూడా ఇన్‌స్పెక్షనేనా?" అని నవ్వింది.

తిరుగుదారిలో, రాతిగోడను చుట్టి లోయ అంచుకు తిరిగే మలుపు వచ్చింది. యజ్ఞనారాయణ బొటనవేలు తనంతట తానే గంట నొక్కింది. మలుపవతల తల్లి జింక ఒక్క దూకులో పొదల్లో కలిసిపోయింది. పిల్ల మాత్రం లోయ వైపు దూకింది. కాసేపు గులకరాళ్లు జారిన చప్పుడు. తరవాత అదీ లేదు. బలరాం బోర్లా పడుకుని కిందికి చూసి, లేచి, ఎవరి ముఖమూ చూడకుండా సైకిలెక్కాడు.

గేటు దగ్గర జింకపిల్ల సంగతి విని, గంట ఎలా మోగిందని ఫారెస్టు గార్డు అడిగితే, ఒక ముడి తానే వదులుగా వేశానని, దారిలో జారిపోయిందని బలరాం చెప్పాడు. గార్డు అతని మెడలోని గైడు కార్డు తీయించి సొరుగులో పెట్టాడు. ఈ సీజనుకు ఇక పని లేనట్టే.

యజ్ఞనారాయణ చెయ్యి జేబులోనే ఉంది. ఆ ముడి ఎంత గట్టిదో ఆయన గోళ్లకు తెలుసు. ప్లాంటులో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఆయన మొదటి ప్రశ్న ఒకటే: యంత్రానికి కాపుగా బిగించిన రేకు విప్పిందెవరు?

"ఒగ్గీ నాన్నా," అంది మధులత మెల్లగా. "ఆ భయ్యాయే ఒప్పీసుకున్నాడు గదా. చలో, బస్సు కదిలిపోతంది."

ఆయన బస్సు మెట్టు మీద పెట్టిన కాలు దించాడు. వెనక్కి నడిచి, గార్డు బల్ల మీద పీలిక పెట్టి, ముడి జారలేదని, విప్పింది తానేనని, కార్డు తిరిగి ఇచ్చేయమని హిందీలో చెప్పాడు. గార్డు రిజిస్టరు తెరిచి, ఎందుకు విప్పారని అడిగాడు.

సంజాయిషీ కాగితాల్లో కార్మికులు రాసే ఒకే ఒక్క మాటను ఆయన ముప్ఫై ఏళ్లు ఎర్రసిరాతో కొట్టేస్తూ వచ్చాడు. అది కారణం కాదని వెనక్కి పంపేవాడు.

"అలవాటండీ," అన్నాడు తలెత్తకుండా.

గార్డు దాన్ని అలాగే రాసుకుని, సొరుగులోంచి కార్డు తీసిచ్చాడు. బలరాం కార్డు మెడలో వేసుకుని, ఆయనకేసి చూడకుండా, మిగతా గంటల పీలికలు విప్పసాగాడు.