ఉక్కపోత జోస్యం

దగ్గరకు జరగండర్రా, ఇది అరిచి చెప్పాల్సిన కథే గానీ నాకంత గొంతు లేదు.

పూలకుండీలు చేసే ఇంటి చిన్నకోడలికి ఉక్కపోత అంటేనే ఒళ్ళుమంట. చెమట వల్ల కాదు, బావగారి వల్ల. ఆకు కదలకపోతే చాలు, ఆయన వాకిట్లో నిలబడి ఆకాశం వైపు ముక్కెత్తి, "భూమి కదులుతుంది, బయటికి రండి!" అని కేకేసేవారు. ఎప్పుడో ఒకే ఒక్కసారి అలా అన్న సాయంత్రమే నేల కదిలింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. అంతే, వీధివీధంతా ఆయన్ని నెత్తికెక్కించుకుంది. మిగతా ఉక్కపోతలన్నీ ఏమయ్యాయని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కేక పడినప్పుడల్లా కొయ్య అరల మీంచి పచ్చికుండీలు దించాలి, నడవలేని అత్తగారిని మంచంతో సహా బయటికి మోయాలి. సగం ఆరిన కుండీలు చేతుల్లోనే బీటలిచ్చేవి. అదీ భరించేదే. కానీ కప్పు దాకా లేచిన ఆ అరలకు గోడతో ఏ బంధమూ లేదు, ఊరికే ఆనుకుని నిలబడ్డాయి. వాటి పక్కనే అత్తగారి మంచం.

"బావగారూ, ఇనప పట్టీలు వేసి అరల్ని గోడకు బిగిద్దామండీ."

"ఎందుకమ్మాయ్? ముందే చెప్పడానికి నేనున్నాగా!"

"కోడి కూయకపోతే తెల్లారదా ఏంటి?"

మంచం మీద ముసలావిడ కిసుక్కున నవ్వింది. ఆయన మాత్రం పట్టీలు కొననివ్వలేదు.

ఇంతలో ముసురు పట్టింది. ముసురులో కుండీలు ఆరవు. చేసినవి చేసినట్టు తడిమట్టితోనే అరలన్నీ నిండి, ఎన్నడూ లేనంత బరువెక్కాయి. బావగారు దుప్పటి కప్పుకుని నిశ్చింతగా కూర్చున్నారు. కోడలు పొద్దున్నే మంచాన్ని గుమ్మం దగ్గరికి లాగి పనిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అది మళ్ళీ అరల పక్కనే ఉంది.

"ఎవరు జరిపారు?"

"నేనే. అమ్మకు చలిగాలి కొడుతోంది. ఇంత చల్లటి రోజున భూమి ఎక్కడ కదులుతుందమ్మాయ్?"

ఆమె పళ్ళు కొరుకుతూ మంచం పట్టెను అందుకుంది. అప్పుడే కాళ్ళ కింద నేల ఊగింది. బలం కొద్దీ లాగింది. మంచం జరిగింది గానీ, అరలు కుండీలతో సహా కూలి ముసలావిడ చేతి మీద పడ్డాయి. ప్రాణం దక్కింది. చెయ్యి విరిగింది.

బావగారు గొణిగారు. "మధ్యాహ్నం గాలి కాస్త మారింది. నేనే గమనించలేదు."

అరికాలి మంట ఆమె నెత్తికెక్కింది. "గాలి మారలేదు, మీరు మారలేదు! భూమి మీ ఆకాశాన్ని అడిగి కదులుతుందా? గాలిని చూసిన కళ్ళకు అమ్మ పక్కనున్న అర కనబడలేదా?"

"ఒరేయ్, ఇంక నోరెత్తావంటే చూడు!" అంది తల్లి, నొప్పితో మూలుగుతూ.

కోడలు ఎవరినీ అడగలేదు. కొత్త అరలు చేయించి, నిచ్చెనెక్కి తనే పట్టీలు బిగిస్తుంటే, వీధిలోవాళ్ళు వచ్చి బావగారిని చుట్టుకున్నారు. "ఇకనుంచి ముసురు పట్టినా మాకు చెప్పండి బాబూ, అప్పుడూ భూమి కదులుతుందటగా!" ఆయన గంభీరంగా తల ఊపారు. ఊపారర్రా! పై నుంచి కోడలు విసిరిన మాటలు పిల్లల ముందు నేను చెప్పలేను.

మీరు దీన్ని పదిమందికీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆయన జోస్యం ఫలించిన ఆ ఒక్కసారి దగ్గరే ఆగకండి. చల్లటి ముసురునాడు విరిగిన ఆ ముసలి చెయ్యిని కూడా గుర్తుపెట్టుకుని చెప్పండి.