జయరాజు చెవిలో హోరు

అది బేతమంగళ చెరువు నిండి, మరవ మీంచి నీళ్ళు పొర్లి పారిన ఏడు. పాలారు చాలా ఏళ్ళకు వచ్చిందని జనం బస్సులెక్కి పోయి చూసి వచ్చారు. ఫోన్లలో పట్టుకొచ్చిన నీళ్ళను ఇంటింటికీ చూపించారు. అలాంటి ఏట, మూడో లైనులో మాత్రం కుళాయిలకు నీళ్ళు లేవు.

మూడో లైనంటే గని కాలంలో కట్టిన ఇరవై రెండు ఇళ్ళు. ఒకే వరస. ముందు రోడ్డు, రోడ్డు కింద తాతల నాటి బీడు ఇనుప పైపు. లైను మొదట్లో చర్చి గేటు, గేటు పక్కన వాల్వు. వాల్వు తిప్పితే మొదటి పది ఇళ్ళకు బిందెలు నిండుతాయి. పదిహేనో ఇంటికి వచ్చేసరికి దారమంత ధార. చివరి ఇంటికి గాలి వస్తుంది. పైపు ఎక్కడో పగిలిందని అందరికీ తెలుసు. ఎక్కడన్నది తెలియదు. నేలంతా కింద గని తవ్వి బొక్కలు పడిన నేల. కారిన నీళ్ళు పైకి రాకుండా కిందికే పోతాయి.

జయరాజుది పదహారో ఇల్లు. వయసు డెబ్బై ఆరు. గనిలో ముప్పై ఏళ్ళు పైపుల పని చేశాడు. ఇనుప కడ్డీ ఒకటి నేలకు ఆనించి, పై కొనకు చెవి పెట్టి, "ఇక్కడ తవ్వండి" అనేవాడు. తవ్వితే నీళ్ళుండేవి. మాట తక్కువ మనిషి. ఆ రెండు మాటల మీదే ఆయన పేరు నిలబడింది.

ఈ ఏడు ఆ మాట రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఎండు మట్టి వచ్చింది. గుంతలు పూడ్చడానికి ఎవరూ రాలేదు. తొమ్మిదో ఇంటి హనుమక్క, ఆవుల్ని పెట్టుకుని పాలు పోసే ఆమె, ఆ గుంతల్లో పేడ వేసి ఒక్కో అరటి పిలక నాటింది.

"జయరాజన్నా, ఇంగొక గుంత తవ్విస్తే తోట అయిపోతాది" అంది నలుగురి ముందరా.

ఆయన కడ్డీ భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. చెవి పోయిందని ఆయనకు తెలుసు. డ్రిల్లుల మధ్య బతికిన చెవులు. గని మూసిన నాటి నుంచి లోపల సన్నటి హోరు ఉంది. ఈ మూడు నెలల్లో అది పెరిగింది. మంచం మీద గోడకు తల ఆనించి కూర్చుంటే మరీ ఎక్కువ. ఈ సంగతి భార్య సెలీనాకు కూడా చెప్పలేదు.

శుక్రవారం నీళ్ళాఫీసు ఇంజనీరు పురుషోత్తమ్ వచ్చాడు.

"ఆదివారం మధ్యాహ్నం మనుషుల్ని తీసుకొస్తాను. ఒక్క గుంత తవ్వుతాం. అదీ తప్పితే సోమవారం ఈ లైను వాల్వు మూసేస్తాం. పెద్ద రోడ్డు దగ్గర ట్యాంకు పెడతాం, అందరూ ఆడ పట్టుకోండి."

పెద్ద రోడ్డు అర కిలోమీటరు. అదీ ఎత్తు. సెలీనాకు ఎడమ మోకాలు మడవదు.

"నేను మోస్తాను" అన్నాడు జయరాజు.

"మోస్తావు, మోస్తావు. మొన్న గ్యాసు బండ కదిలించి మూడు దినాలు పండుకున్నది ఎవరప్పా, మీ నాయనా?" అంది సెలీనా.

శనివారం పొద్దున ఆయన కడ్డీ చంకన పెట్టుకుని రాబర్ట్‌సన్‌పేట బస్సెక్కాడు. తమ్ముడి కూతురు జూలీకి అక్కడ ఫోన్లు బాగుచేసే కొట్టుంది. కడ్డీని ఆమె బల్ల మీద, విప్పి పెట్టిన ఫోన్ల మధ్య పడుకోబెట్టాడు.

"ఇది వినేదాన్ని నీ ఫోను వింటాదా?"

జూలీ కడ్డీని చూసింది, ఆయన్ను చూసింది. లైను సంగతి ఆమెకూ తెలుసు.

"ఎందుకు వినదు? కూర్చో పెదనాయనా!"

పాత గడియారం ఒకటి విప్పి, అందులో కీచుమని కూసే ఇత్తడి బిళ్ళను ఊడదీసింది. "దీనికి కరెంటిస్తే వణుకుతాది. మనం వణికిస్తే ఇదే కరెంటిస్తాది. గాలిలో చప్పుడు దీనికి పెద్దగా పట్టదు. దేనికి కడితే దాని వణుకే పట్టుకుంటాది." ఇయర్‌ఫోను తీగ కోసి, మైకు ఉండాల్సిన చోట ఆ బిళ్ళను అతికించింది. ఫోనుకు గుచ్చింది. తెర మీద పచ్చగీత, పక్కన అంకె. జయరాజు బిళ్ళను గోటితో తట్టాడు. గీత ఎగిరింది. ఇంకోసారి తట్టాడు. ఇంకోసారి.

"చాలు పెదనాయనా, తట్టి తట్టి పగలగొడతావు."

కొట్టు వెనక చెన్నప్ప టీ అంగడి కుళాయి ఉంది. దాని పైపుకు బిళ్ళ కట్టారు. కుళాయి కొంచెం తిప్పారు.

"ఏమమ్మా జూలీ, మా కుళాయికి జొరం చూస్తా ఉండావా?" అన్నాడు చెన్నప్ప.

గీత ఒక్కసారి పైకి లేచింది. రెండు ఊపిర్లలో కిందపడి పడుకుంది. నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి. కుళాయి కట్టేసి మళ్ళీ తిప్పారు. మళ్ళీ లేచింది, మళ్ళీ పడుకుంది.

"నీ ఫోను నిద్రపోతా ఉండాది" అన్నాడు జయరాజు.

జూలీ గోరు కొరుక్కుంది. ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. "నిద్ర కాదు! తెలివి ఎక్కువై ఇట్ల చేస్తా ఉండాది. మనం మాట్లాడేటప్పుడు వెనక ఫ్యాను చప్పుడు అవతలోళ్ళకు పోకూడదు కదా. అందుకని ఆగకుండా ఒకే తీరుగా వచ్చే చప్పుడును ఇదే తీసేస్తాది. మనిషి మాటను మాత్రం ఉంచుతాది."

"మనకు మాట వద్దు."

"వద్దే వద్దు!" ఆమె తెర మీద ఏవేవో నొక్కింది. చప్పుడును దిద్దకుండా వచ్చింది వచ్చినట్టు చూపించమనే చోటు ఒకటి దొరికింది. ఈసారి గీత లేచి నిలబడింది. కుళాయి బిగిస్తే తగ్గింది, వదిలితే పెరిగింది. జయరాజే తిప్పుతూ కూర్చున్నాడు. చెన్నప్ప వచ్చి, "అప్పా, నా తొట్టి నీళ్ళన్నీ నువ్వే తాగించేసినావు భూమికి" అనేదాకా లేవలేదు.

ఆదివారం ఏడింటికి వాల్వు తిప్పారు. ఇద్దరూ చర్చి గేటు నుంచి మొదలుపెట్టారు. సైకిలు ట్యూబు ముక్కతో జయరాజు బిళ్ళను పైపుకు కట్టాడు. ప్రతిచోటా మూడే చుట్లు, ఒకే బిగువు.

"ఎట్ల కడితే ఏముంది, తొందరగా కానీ" అంది జూలీ.

"ఒకచోట వదులు, ఒకచోట బిగువు అయితే అంకె అబద్ధం చెప్తాది."

వాల్వు దగ్గర అరవై ఎనిమిది. మొదటి ఇంట్లో అరవై. ఒక్కో తలుపు మీద సుద్దతో రాసుకుంటూ పోయారు. యాభై రెండు, నలభై అయిదు, అలా దిగుతూ పదో ఇంటికి ఇరవై. పదకొండో ఇంట్లో ఇరవై నాలుగు. జూలీ ఫోను తుడిచి మళ్ళీ చూసింది. పన్నెండులో ముప్పై ఒకటి. ఇద్దరికీ నడక పెరిగింది. పదిహేనులో యాభై అయిదు. జయరాజు తన ఇల్లు దాటి పదిహేడుకు పోయి కట్టాడు. యాభై ఏడు.

"పదహారు వదిలేసినావు" అంది జూలీ.

"మా ఇంట్లో ఏం లేదులే."

"మధ్యలో ఒక ఇల్లు వదిలేస్తే ఎట్ల పెదనాయనా?" అని ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయింది. మంచం పక్కనే గోడలోకి దిగిన పైపు. తానే మూడు చుట్లు చుట్టింది. గీత తెర సగం దాటి పైకి పోయింది.

డెబ్బై ఒకటి.

జయరాజు మంచం మీద కూర్చుండిపోయాడు. "అది పైపు కాదు. నా చెవి" అన్నాడు. ఆగి ఆగి చెప్పాడు. "లోపల హోరు. ఈ గోడకు తల పెడితే పెరుగుతాది. మూడు నెలలుగా."

జూలీ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "నీ చెవిలో హోరు నా ఫోనుకు ఎట్ల వినపడతాది పెదనాయనా!"

సెలీనా గరిటెతో వచ్చింది. "మూడు నెలలా? నాకు చెప్పకుండానా?"

ఆయన గోడకు తల ఆనించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు. గోడకు పెడితే హోరు, తీస్తే సగం. మూడు నెలలు ఆ నీళ్ళ పక్కనే పడుకున్నాడు.

కానీ వాల్వు దగ్గర కూడా అరవై ఎనిమిది ఉంది. తవ్వేది ఒక్కటే గుంత.

"కుళాయిలన్నీ కట్టేయాల" అన్నాడు. "వాడే నీళ్ళ చప్పుడైతే చస్తాది. కారే నీళ్ళదైతే చావదు."

అప్పటికే చర్చిలో మైకు మొదలైంది. పెద్ద స్పీకరు పెట్టెలు గేటు గోడకే బిగించి ఉన్నాయి. పాట ఎత్తితే వాల్వు కూడా వణుకుతుంది. జయరాజు పరుగెత్తాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి లుంగీ ఎత్తి పట్టుకుని పరుగెత్తడం లైనంతా చూసింది. పాస్టరు గాడ్విన్ మెట్ల మీద ఉన్నాడు.

"అయ్యా, అయిదు నిమిషాలు. మైకు వద్దు. పాట వద్దు. అందరూ ఇండ్లకు పోయి కుళాయిలు కట్టేసి రావాల. నీళ్ళు దొరికినాయి, దొరికేటట్టు ఉండాయి."

"ఇరవై ఏండ్లలో నువ్వు నాతో ఇన్ని మాటలు మాట్లాడింది ఇదే మొదలు జయరాజూ" అన్నాడు పాస్టరు. లోపలికి పోయి చెప్పాడు. అందరూ ఇళ్ళకు పోయి వచ్చాక మైకు తీసేయించి, "ఇప్పుడు అయిదు నిమిషాలు మౌన ప్రార్థన. పిల్లోళ్ళ చేతుల్లో బిస్కెట్లు పెట్టండి" అన్నాడు.

లైను మొత్తం నిశ్శబ్దం. వాల్వు దగ్గర అంకె దిగింది. అరవై, యాభై, నలభై ఒకటి. అక్కడే ఆగింది.

"ఎవరో వాడతా ఉండారు" గుసగుసలాడింది జూలీ.

చర్చికి రానిది ఒక్కతే. జయరాజు రోడ్డు మధ్యలో నిలబడి గొంతెత్తాడు. "హనుమక్కా! కుళాయి కట్టెయ్!"

"కడతానప్పా, ఆవు మీద నురగుండాది!"

"ఉండనీ!"

చర్చిలో ఎవరో కిసుక్కుమన్నారు. అంకె జారింది. ముప్పై. పంతొమ్మిది. వాల్వు చప్పుడు చచ్చింది.

పదహారో ఇంటికి పరుగు. ఇంకా రెండు నిమిషాలుంది. తొందరలో జయరాజుకు ట్యూబు జారి, మూడు చుట్లు కుదరడానికి నాలుగుసార్లు పట్టింది. గీత లేచింది. డెబ్బై ఒకటి కాదు. ఇంకా పైకి.

"డెబ్బై నాలుగు!" జూలీ కేక లైనంతా వినబడింది. చర్చిలోంచి ఒక గొంతు "ఆమెన్" అంది.

తర్వాత ఆయన కడ్డీని వాకిట్లో నిలబెట్టి, దాని పై కొనకు బిళ్ళ కట్టాడు. అడుగు అడుగుకూ మార్చి చూశాడు. అన్నిటికంటే ఎక్కువ చూపించిన చోటు, రోడ్డు అంచున తాను రోజూ చెప్పులు విడిచే బండ.

పన్నెండింటికి పురుషోత్తమ్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. "గేటు దగ్గర తవ్వుదాం. ఆడ వాల్వు పాతది" అన్నాడు.

లైనంతా గుంపు కట్టి ఉంది. జయరాజు వంగి చెప్పులు పక్కకు తీశాడు. కడ్డీతో బండ మీద కొట్టాడు.

"ఇక్కడ తవ్వండి."

పురుషోత్తమ్ తలుపుల మీది సుద్ద అంకెలు చూసుకుంటూ లైను చివరిదాకా పోయి వచ్చాడు. "సరే. కానీయండి" అన్నాడు.

అడుగు లోతు, ఎండు మట్టి. రెండడుగులు, ఎండు మట్టి. జూలీ ఫోను గుండెకు అదుముకుని నిలబడింది. సెలీనా కొంగు నోట్లో పెట్టుకుంది.

"అన్నా, ఇంగొక పిలక తెచ్చేదా?" అంది హనుమక్క. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

మూడో అడుగులో మట్టి రంగు మారింది. గునపం దిగింది, దిగినది చేతికి తిరిగి రాలేదు. తవ్వేవాడు రెండు చేతులతో లాగాడు. బుస్సుమని నీళ్ళు నిలువుగా లేచి పురుషోత్తమ్ తెల్ల చొక్కా మీద పడ్డాయి. లైను లైనంతా అరిచింది. పిల్లలు గుంతలోకి దూకబోతే తల్లులు రెక్కలు పట్టుకుని లాగారు. పురుషోత్తమ్ ముఖం తుడుచుకుంటూ, "ఆ ఫోను నంబరు ఇవ్వమ్మా, మా ఆఫీసుకు కావాల" అన్నాడు. జయరాజు నవ్వుతున్నాడు. ముందు పళ్ళు రెండు లేవన్న సంగతి చాలామందికి ఆరోజే తెలిసింది.

పైపు అతుకు దగ్గర జానెడు పగులు. సాయంత్రానికి ఇనుప పట్టీ బిగించారు. వాల్వు తిప్పితే ఇరవై రెండో ఇంటి కుళాయి దగ్గి, ఉమ్మి, ఎర్రనీళ్ళు పోసి, తర్వాత తెల్లటి ధార కట్టింది.

మర్నాడు పొద్దున జయరాజు మంచం మీదే గోడకు తల ఆనించి చూశాడు. సన్నటి హోరు, తనది మాత్రమే. లేచి కుళాయి తిప్పాడు. బిందె నిండింది. సెలీనా చెయ్యి చాపితే ఇవ్వలేదు. దాన్ని మోసుకుపోయి, ఒకటి తర్వాత ఒకటి, ఆ రెండు అరటి మొక్కలకూ పోశాడు.