విప్పిన తెప్ప

ఎండీ ఎండని కవళ్ల చేపలను గోనెలోకి ఎత్తుతూ పెంచలమ్మ నాలుగోసారి సముద్రం వైపు చూసింది. తూర్పున ఆకాశం మసిబట్టిన కుండ అడుగులా ఉంది. గాలి తెల్లవారుజామునే ఉత్తరానికి తిరిగింది. ఒడ్డున ఎండ్రకాయలు బొరియలు మూసుకున్నాయి. ఇంతకంటే ఎవరు వచ్చి చెప్పాలి?

"ఒరే హజరత్తయ్యా, తెప్ప విప్పమని పొద్దుటినుంచీ మొత్తుకుంటా ఉండానా లేదా?"

కొడుకు పంచలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఈ కార్తీకంలో మూడుమార్లు విప్పించినావు మా. మూడుమార్లూ ఆకు కూడా కదల్లా. విప్పేది సరే, మళ్లా కట్టేది ఎవరు? మా తాతా?"

"పంచాయతీ రేడియోలో తుఫాను బందరు దిక్కుకు పోతాదని చెప్పినారంట అత్తా," అంది కోడలు మస్తానమ్మ, పొయ్యి ఊదుతూ.

"రేడియోకి తెప్ప ఉందా? పోతే దానికేం పోతాది?"

వాళ్ల తెప్ప అంటే నాలుగు పొడుగాటి మానులు, కొబ్బరిపీచు తాళ్లతో పక్కపక్కన బిగించినవి. తుఫాను వస్తుందంటే తాళ్లన్నీ విప్పి, ఒక్కో మానునూ విడిగా ఇసుక దిబ్బ మీదికి మోసి, సరుగుడు తోపులో చెట్లకు కట్టేయాలి. తిరిగి తెప్పగా బిగించడానికి ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజూ వేట ఉండదు.

పద్నాలుగేళ్ల కిందట ఇట్లాంటి రోజునే ఆమె మొగుడు, రేపు విప్పుదాంలే అన్నాడు. తెల్లారి ఒడ్డున తాడు ముక్క కూడా లేదు. ఆ తర్వాత రెండేళ్లు పరాయి తెప్పల మీద కూలికి పోయాడు. సముద్రం ఆయన్ను ఏమీ చేయలేదు, జ్వరం తగిలి మంచం మీదే పోయాడు. కానీ ఆ రెండేళ్లూ సొంత ఇంట్లో అన్నం తిని, ఎవరింట్లోనో తిన్నవాడిలా లేచేవాడు. పెంచలమ్మ మరచిపోలేనిది అది. మైపాడు నుంచి ఇందుకూరుపేట దాకా రోజూ చేపలతట్ట మోసి, గుమ్మం గుమ్మం దగ్గరా గొంతు పోయేలా అరిచి, ఏళ్ల తరబడి కూడబెట్టి ఈ తెప్ప కొన్నది. కొడుకు కూడా అట్లా లేచే రోజు ఒకటి వస్తుందేమోనని ఆమె ప్రతి మబ్బునూ అనుమానంగానే చూస్తుంది.

మధ్యాహ్నానికి చినుకు మొదలైంది. హజరత్తయ్య అన్నం తిని పడుకున్నాడు. పెంచలమ్మ కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగి, ఇక చాలనుకుని ఒడ్డుకు నడిచింది.

ఆడది తెప్ప తాడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గంగమ్మకు మళ్లీ పసుపు కుంకుమలు పెట్టాలి, కోడిని కొయ్యాలి. ఆ తాడును ఆమె ఇంతవరకూ వేలితో తాకలేదు. ఇప్పుడు తడి ఇసుకలో కూర్చుని మొదటి ముడిని పళ్లతో లాగింది.

పక్క తెప్ప చిన్నపోలయ్య దూరం నుంచే కేకేశాడు. "మే పెంచలమ్మా! మతిగాని పోయిందా? తాడు ముట్టుకున్నావే!"

"కోడి నేనిస్తాలే అన్నా. నీకూ ఒక కాలు పెడతా, గమ్మునుండు."

నానిన పీచు వేళ్లు కోసింది. ఎడమచెయ్యి పొద్దుటినుంచీ బరువుగా ఉంది. దీనికీ ఇప్పుడే రావాలా రోగం అని విసుక్కుని కుడిచేత్తో లాగింది. కట్టి ఉన్న తెప్పనైతే కొడుకు ఒడ్డున వదిలేస్తాడు. విడి మానులను వదల్లేడు. ఒక్క పెద్ద అల చాలు, తలా ఒక దిక్కుకు పోతాయి. విప్పేస్తే మొయ్యక ఏం చేస్తాడు?

హజరత్తయ్య పరుగెత్తి వచ్చేసరికి నాలుగు మానులూ విడివిడిగా పడి ఉన్నాయి. తిడుతూనే మొదటి మాను ఎత్తాడు. చిన్నపోలయ్యా, మరో ఇద్దరూ సాయం పట్టారు. మూడు మానులు తోపు చేరాక ఆ ఇద్దరూ, "ఈమె మాట వింటే మా తెప్పలు కూడా విప్పాల్సొస్తాది," అని వెళ్లిపోయారు. చిన్నపోలయ్య నడుం పట్టుకుని కూలబడ్డాడు.

మిగిలింది అన్నిటికంటే సన్నని మాను. పెంచలమ్మ కొంగు చివర చించి చుట్టకుదురు చుట్టి తలమీద పెట్టుకుంది. భుజం మీద మోయడం ఆమెకు చేతకాదు, ఏ బరువైనా తలమీదే. ముందు కొడుకు, వెనక తల్లి, దిబ్బ ఎక్కారు.

"మెల్లిగా పోరా. ఏందా పరుగు?"

"నాలుగోసారి మా! నాలుగోసారి!"

"దించు, దించు. ఇసకలో గుద్దేవు."

దించాక ఆమె ఒక చెట్టుకు ఆనుకుని కూర్చుంది. హజరత్తయ్య అటు తిరిగి మానులను చెట్లకు కడుతూ మళ్లీ మొదలుపెట్టాడు. రేపు ఎండ కాస్తే నలుగురిలో మొహం యాడ పెట్టుకోవాలన్నాడు. నీ భయాలకు నా నడుం విరిగిపోతా ఉండాదన్నాడు. నాయన బతికుంటే నీతో ఎట్టా వేగేవాడో అన్నాడు.

ఆ మాట అన్నాక అతని చెయ్యి తాడు మీద ఆగిపోయింది. తండ్రి పేరెత్తితే ఆమె ఊరుకోదు. ఎప్పుడూ ఊరుకోలేదు.

"మా," అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

తుఫాను బందరు దిక్కుకే పోయింది. మర్నాడు ఎండ కాసింది. పెంచలమ్మను కాటికి సాగనంపిన రెండో రోజున ఊళ్లోని తెప్పలన్నీ వేటకు వెళ్లాయి. పెద్దకర్మ కూడా అయిపోయాక చిన్నపోలయ్య వచ్చి, "కట్టుకుందాం లే అబ్బయ్యా, నేను పడతా ఒక చెయ్యి," అన్నాడు.

"ఉండనీ పెద్దాయనా. మబ్బు పట్టినట్టుండాది," అన్నాడు హజరత్తయ్య. ఆకాశంలో ఎక్కడా మబ్బు లేదు.

తోపులో, సన్నని మాను దించినచోటే, చుట్టకుదురు ఇసుకలో సగం కూరుకుని, ఉప్పుగాలికి బిగిసి, గుండ్రంగా అలాగే ఉంది.