పక్క సీటు సాక్ష్యం

మా షెడ్డుకు వచ్చే కార్లలో కొన్నిటికి నోరు పడిపోయి ఉంటుంది, కొన్నిటికి నోరు మూతపడదు. ఆ రోజు వచ్చింది రెండో రకం. పక్క సీట్లో మనిషి కూర్చుని, బెల్టు పెట్టుకున్నా సరే, పెట్టుకోలేదని టింగుటింగుమంటూ గోల చేస్తుంది. అదీ రోజూ కాదు, బుద్ధి పుట్టినప్పుడు. రోజూ మోగేదాన్ని బాగుచేయడం పది నిమిషాల పని. ఎప్పుడో మోగేదే మనిషిని ముప్పుతిప్పలు పెడుతుంది. చెప్పొద్దూ, నాకు అలాంటివంటేనే ఇష్టం.

ఇంజిన్లు మా ఆయన చూసుకుంటాడు, వైర్లు నేను చూసుకుంటాను. అనుమానం వస్తే ఆ సామాను మార్చెయ్యడం ఆయన పద్ధతి. కొలిచి చూడనిదే స్క్రూ కూడా విప్పకపోవడం నాది. పదకొండేళ్ళ కాపురంలో మేము పోట్లాడుకున్నదంతా దీని గురించే.

కారులోంచి ఇద్దరు దిగారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, తాటిచెట్టంత పొడుగు. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది, ఆయన భుజం దాకా కూడా రాదు. ఆవిడ దిగగానే మాస్టారు అటువైపు వెళ్ళి, సీటు సర్ది, తలుపు వేసి నా దగ్గరికి వచ్చాడు.

"చూడమ్మా, ఇప్పటికి రెండు షెడ్లలో చూపించాను. కారులో ఏ లోపమూ లేదన్నారు. నేను కూర్చుంటే మోగదు. వాళ్ళు కూర్చున్నా మోగలేదు. ఈవిడ కూర్చుంటేనే మోగుతుంది. నువ్వు కూడా చూసి లేదన్నావంటే ఇక తేలిపోయినట్టే."

"ఏం తేలిపోతుందండీ?"

ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినా ఆవిడకు వినబడేంత దూరంలోనే ఉన్నాం. "బెల్టు పెట్టుకున్నానంటుంది, పెట్టుకోదు. మరపు మొదలైందమ్మా. మా అమ్మాయి రేపటినుంచి ఉద్యోగానికి వెళ్తోంది. ఎనిమిది నెలల పాప. అమ్మమ్మ దగ్గర వదలాలా, పిల్లల్ని చూసే చోట చేర్చాలా అన్నది ఈ సాయంత్రం చెప్పాలి. అమ్మకి జ్ఞాపకం సరిగ్గా ఉండటం లేదని దానికి నేనే చెప్పాను. దాచి ఏం లాభం?"

"ముప్పై నాలుగేళ్ళు వార్డులో మందులిచ్చాను. ఒక్క మాత్ర అటూ ఇటూ కాలేదు" అంది నర్సమ్మ, గోడమీది స్పానర్ల వంక చూస్తూ.

నాకు ఒళ్ళు మండింది. కట్టుకున్న మనిషి నోటిమాట కంటే కారు చేసే టింగుటింగు ఎక్కువైందా ఈ పెద్దమనిషికి? కానీ కోపంతో వైరు దొరకదు కదా. పైగా నిజం చెప్పాలంటే, ఆవిడది మరపో కారుది లోపమో అప్పటికి నాకూ తెలియదు.

ఈ కారుకు కావలసినవి రెండే కబుర్లు. సీటు మెత్తలో ఒక పలుచని పొర ఉంటుంది, బరువు పడితే ఎవరో కూర్చున్నారని అది చెబుతుంది. బెల్టు దూర్చే బకెల్‌లో చిన్న స్విచ్ ఉంటుంది, క్లిక్కుమనగానే అది కలుసుకుని, పెట్టుకున్నారని చెబుతుంది. మొదటి కబురు చేరి రెండోది చేరకపోతే మోత మొదలవుతుంది. ఈ రెండు కబుర్లూ సీటు కింద నుంచి వెళ్ళే వైర్ల మీదే నడుస్తాయి. ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా ఆ కట్టలోనే ఉంటాయి కాబట్టి, అది పేలకుండా బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టాలి.

ఆగాను. కాళ్ళ దగ్గర చోటు కోసం సీటును చివరికంటా వెనక్కి తోసి, కింద దూరాను. బకెల్ వైర్లకు మీటరు తగిలించాను. బెల్టు దూరిస్తే మీటరు కూస్తుంది, తీస్తే ఊరుకుంటుంది. ముప్పైసార్లు దూర్చి తీశాను. ముప్పైసార్లూ బుద్ధిగా కూసింది. మెత్తలోని పొర కూడా చక్కగా పలికింది. తిరిగి అన్నీ తగిలించి నేను కూర్చున్నాను, మా ఆయన వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు. కారు కిక్కురుమనలేదు.

"చెప్పానా?" అన్నాడు మాస్టారు. ఆ మాటలో సంతోషమేమీ లేదు, అలసట ఉంది.

"బకెల్ మార్చేద్దాం, పోయేదేముంది?" అన్నాడు మా ఆయన.

"పోయేది ఉంది. కొత్తది వేశాక మళ్ళీ మోగిందనుకో, తప్పు ఆవిడదేనని రాసిచ్చినట్టే. నువ్వు నోరు మూసుకో" అన్నాను. ఆయన మూసుకున్నాడు, అది చాలా అరుదు.

నర్సమ్మ ఒక మూల స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నేను దగ్గరికి వెళ్ళేసరికి చటుక్కున బోర్లించింది. తర్వాత ఏమనుకుందో ఏమో, నా చేతికిచ్చింది. తెరనిండా ఒకటే బొమ్మ. బకెల్, అందులో దూర్చిన బెల్టు. వేలితో తోసేకొద్దీ అదే వస్తోంది. యాభై దాకా ఉన్నాయి.

"కారెక్కినప్పుడల్లా తీస్తున్నానమ్మా. మోగితే ఇది తీసి చూసుకుంటాను. పెట్టుకునే ఉంటాను. ఆయనకి చూపించలేదు. బెల్టుకి ఫోటోలు తీస్తోంది, ఇంకా ముదిరిందంటారు."

ఇంకో రెండు బొమ్మలు తోశాను. మూడోదాని దగ్గర నా వేలు ఆగింది. బకెల్ పక్కన గేరు రాడ్డు ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను, అన్నిట్లోనూ అంతే. తల తిప్పి కారు వంక చూశాను. ఇప్పుడు ఆ బకెల్ గేరు రాడ్డుకు జానెడు వెనక, హ్యాండ్‌బ్రేక్ పక్కన ఉంది.

"అమ్మా, మీరు సీటు ముందుకు జరుపుకుంటారా?"

"జరుపుకోకపోతే నాకు కాళ్ళు ఆనవు కదా!"

"మరి ఇప్పుడు వెనక్కుందేం?"

"నేను దిగగానే ఆయన తోసేస్తారు. రెండు సీట్లూ ఒక్క వరసలో లేకపోతే ఆయనకి తోచదు."

నెత్తిన ఒక్కటి మొట్టుకున్నాను. మాస్టారు కూర్చున్నది ఈ సీటు వెనక్కి జరిపి ఉన్నప్పుడు. ముందు చూసిన ఇద్దరు మెకానిక్కులూ, కొలవనిదే ముట్టుకోనని గొప్పలు పోయే నేనూ, పని మొదలుపెట్టగానే చేసింది సీటు వెనక్కి తోయడం. కారుకు జబ్బు వచ్చే చోట దాన్ని ఒక్కరమూ ఉంచలేదు.

మళ్ళీ బ్యాటరీ తీసి, ఆగి, మీటరు తగిలించాను. ఈసారి నర్సమ్మను ఎక్కించాను. ఆవిడ తనకు అలవాటైన చోటికి సీటు జరుపుకుని, బెల్టు దూర్చింది. మీటరు కూత అందుకుంది. నేను కింద పడుకుని వైర్ల కట్టను చిటికెన వేలితో కదిపాను. కూత ఆగిపోయింది. వదిలాను, కూసింది. కదిపాను, ఆగింది.

"మాస్టారూ, ఇలా వచ్చి కూర్చోండి" అన్నాను.

తెల్లపంచె నలగకుండా పైకి లాక్కుని, ఆ వయసులో ఆయన నేల మీద చతికిలబడ్డాడు. టార్చి వేసి చూపించాను. కట్టను పట్టి ఉంచే క్లిప్పు విరిగి, సీటు ముందుకెళ్ళినప్పుడల్లా ఒక వైరు సీటు జరిగే ఇనుప పట్టాకు ఆనుకుని బిగిసిపోతోంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తీగ తెగింది. సీటు వెనక్కుంటే తెగిన కొసలు తాకుతూ ఉంటాయి. ముందుకొస్తే, కాస్త కుదుపు తగలగానే విడిపోతాయి.

"నువ్వోసారి కదుపు" అన్నాడు. కదిపాను. "మళ్ళీ" అన్నాడు. ఆరుసార్లు కదిపించాడు. ఆరోసారికి లెక్క తప్పిన పిల్లాడిలా అయింది ఆయన మొహం. తల పైకెత్తి, బెల్టు పెట్టుకుని కూర్చున్న భార్యను చూశాడు.

కొత్త తీగ ముక్క వేసి అతికి, తొడుగు ఎక్కించి, కొత్త క్లిప్పుతో బిగించేసరికి గంట పట్టింది. సీటు ముందుకే ఉంచి, నర్సమ్మను కూర్చోబెట్టుకుని, ఊళ్ళో ఎక్కడ గుంతలున్నాయో అక్కడికల్లా మా ఆయన తిప్పుకొచ్చాడు. కారు ఒక్క మాట మాట్లాడలేదు.

మాస్టారు అక్కడే నిలబడి కూతురికి ఫోన్ చేశాడు. మా అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు. మెచ్చుకోవలసిన సంగతే.

"అమ్మాయ్, మీ అమ్మకి మరపూ లేదు, మన్నూ లేదు. రోజూ బెల్టు పెట్టుకుంది. వైరు తెగింది. నేనే తప్పు చెప్పాను నీకు."

అవతల పాప ఏదో గిలక్కాయ నేలకేసి కొడుతున్న చప్పుడు వచ్చింది.

"నాన్నా, అమ్మకివ్వు ఫోన్."

నర్సమ్మ అందుకుంది.

"అమ్మా, పెట్టుకున్నానని నువ్వు ఎన్నిసార్లు చెప్పావ్! నేను ఒక్కసారి కూడా నమ్మలేదు" అంది కూతురు. ఏడుస్తోంది.

"ఊరుకో తల్లీ. ఈ మధ్య నేనే నమ్మడం మానేశాను, ఇక నిన్నేమంటాను?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన ఎందుకో నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏడుపు ఆపి, పాపకి పాలు ఎన్నింటికి పట్టాలో చెప్పు" అంది నర్సమ్మ. బల్లమీద నా పెన్సిలు అందుకుని, రాసుకోవడానికి కాగితం కోసం వెతికి, ఆగింది. పెన్సిలు మళ్ళీ బల్లమీదే పెట్టేసింది.

"చెప్పు, వింటున్నాను. గుర్తుంటుంది."