వెనక చక్రాలు, రెండు బియ్యం బస్తాలు

నేను ఒక పనికిమాలిన కారునని మొదటి మంచు పడిన రోజునే మా వీధి వీధంతా తేల్చేసింది. వాళ్ళ తప్పేమీ లేదు. అప్పుడు నేను ఇంటి గేటు దగ్గరి ఎక్కుడులో, మూతి గ్యారేజీ వైపు పెట్టుకుని, వెనక చక్రాలు గిరగిరా తిప్పుతూ రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాను. బయటికి వెళ్ళమంటే ఇంట్లోకి చూసే కారును ఎవరు మాత్రం మెచ్చుకుంటారు?

ముందు నా సంగతి చెప్పనివ్వండి. ఎరుపు రంగు, రెండే సీట్లు, ఎండ కాస్తే మడిచి వెనక్కి తోసేసే నల్లగుడ్డ టాపు. నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటాను. నా ఇంజను ముందుంటుంది, తోసే పనంతా వెనక చక్రాలది. ముందు చక్రాలు దారి చూపిస్తాయి, అంతే. ఎండాకాలంలో మలుపుల రోడ్డు మీద ఈ ఏర్పాటుకు మించిన సుఖం లేదు. మంచులో మాత్రం వెనక బరువు చాలక చక్రాలకు పట్టు దొరకదు. అప్పుడు నా తోక ఎటు ఊగుతుందో నాకే తెలియదు.

నేను పుట్టింది జపాన్‌లో, సముద్రం పక్కన ఉన్న కార్ఖానాలో. ఆఖరున తెల్ల గ్లౌజుల పెద్దమనిషి ఒకాయన నా చుట్టూ తిరిగి చూసి, ఎక్కడా ఏ లోపమూ కనిపించక, బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. ఆయన నాతో మాట్లాడలేదు కానీ, ఆ తట్టడంలో ‘వెళ్ళిరా’ అన్నట్టు తోచింది. ఓడెక్కి స్కాట్లండు చేరాను.

అక్కడ నన్ను కొన్నది డంకన్ అనే లైబ్రేరియన్. చాలా మర్యాదస్తుడు. చినుకు పడితే నన్ను బయటికి తీసేవాడు కాదు, మబ్బు పట్టినా తీసేవాడు కాదు. స్కాట్లండులో ఎండ చుట్టపు చూపుగా వచ్చి పోతుంది కాబట్టి, ఆయన దగ్గరున్న పదకొండేళ్ళలో నేను రోడ్డు మీద కన్నా దుప్పటి కిందే ఎక్కువ కాలం ఉన్నాను. ప్రతి ఆదివారం వచ్చి దుప్పటి ఎత్తి, తుడిచి, మళ్ళీ కప్పేవాడు. ఈ మనుషులు ఇష్టమైన వస్తువును వాడరు, దాచుకుంటారు. చివరికి తుంటి నొప్పి వల్ల నాలోకి దిగడమూ లేవడమూ కష్టమై, కళ్ళనీళ్ళతో నన్ను అమ్మకానికి పెట్టాడు.

చూడ్డానికి వచ్చిన హైమవతి వయసు యాభై నాలుగు. ఆ ఊరి బడిలో లెక్కలు చెబుతుంది. పేరేమో మంచుకొండ కూతురని, పుట్టిందేమో ఎండలకు పేరు మోసిన రెంటచింతలలో. ఈ సంగతి తనే అందరికీ చెప్పి నవ్వేది. నాలో కూర్చుని గేరు ఒకటి నుంచి అయిదు దాకా వేసి చూసింది. నా వెనక్కి వెళ్ళి వంగి కిందికి చూసింది.

“ఇది వెనక చక్రాల బండి. మా నాన్న ట్రాక్టరు లెక్క,” అంది పక్కనున్న భర్తతో.

భర్త పున్నారావు అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆపరేషనుకు ముందు మనుషుల్ని నిద్రపుచ్చేది ఆయనే. ఊరందరికీ ధైర్యం చెప్పగలడు గానీ, తనకు మాత్రం అన్నిటికీ భయమే.

“ట్రాక్టరు కావాలంటే ట్రాక్టరే కొనుక్కో. ఇందులో నా పొట్ట పడుద్దా?” అన్నాడు.

పొట్ట పట్టింది, కష్టం మీద. మర్నాడు హైమవతి నా నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. డంకన్ కంగారుపడి, టైర్లలో ఏమైనా లోపముందా అని అడిగాడు. దిష్టి అనే మాట ఆయనకు విడమరచి చెప్పడానికి ఆవిడకు అరగంట పట్టింది. అంతా విన్నాక ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. మంచు పడితే మాత్రం దీన్ని బయటికి తీయవద్దని. ఆవిడ వినయంగా తల ఊపింది. ఆ తల ఊపడాన్ని నేను నమ్మాను, అప్పటికి ఆవిడ సంగతి నాకు తెలియదు కదా.

డిసెంబరులో మంచు పడింది. మొదటి రోజు జరిగింది మీకు చెప్పాను. చక్రాలు తిరుగుతున్నాయి, నేను కదలడం లేదు, ఆవిడ యాక్సిలేటర్ తొక్కుతోంది, నేను గుండ్రంగా తిరిగి గ్యారేజీకేసి చూస్తున్నాను. పొరుగువాళ్ళు పారలు పట్టుకుని వచ్చారు. పున్నారావు తన పెద్ద బండిలోంచి దిగాడు. అది నాలుగు చక్రాలూ తోసే బండి, నాలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినా దాని ఎత్తు రావు.

“హైమా, నా మాట విను. అమ్మేద్దాం. నాకు మనుషులకి మత్తియ్యటం వచ్చు గానీ, నువ్వు ఈ బండేసుకుని ఆ గుట్టలెక్కుతుంటే నిద్ర పట్టించుకోటం రాదు,” అన్నాడు. గొంతులో నిజంగా భయం ఉంది, అందుకే ఆవిడ గొడవ పడలేదు. ఆయన అప్పటికే పక్క ఊరి కుర్రాడికి నా సంగతి చెప్పాడు. ఆ అబ్బాయి క్రిస్మస్ ముందు సోమవారం వస్తానన్నాడు.

“సరే,” అంది హైమవతి. “ఆ సోమవారానికి ముందు శనివారం ప్రసూన సీమంతం. గుట్ట మీది హాల్లో. నేను ఈ ఎర్రపిల్లలోనే ఎక్కుతా. ఎక్కిందా, బండి నాది. ఎక్కలేదా, నేనే ఆ అబ్బాయి చేతిలో తాళాలు పెడతా.”

ప్రసూన పున్నారావు పనిచేసే ఆసుపత్రిలో నర్సు. తల్లికి వీసా రాలేదు. పుట్టింటి చలిమిడి నేనే పెడతానని హైమవతి మాటిచ్చేసింది. కాబట్టి ఆ గుట్ట ఎక్కలేకపోతే పోయేది నేనొక్కదాన్నే కాదు.

ఆ సాయంత్రం ఆవిడ నా బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. రెంటచింతల దగ్గర వాళ్ళ నాన్నకు నల్లరేగడి చేలు ఉండేవట. వానపడితే ఆ మట్టిలో ట్రాక్టరు దిగబడేది. అప్పుడు ఆయన కూతుళ్ళిద్దరినీ రెండు మడ్‌గార్డుల మీద కూర్చోబెట్టేవాడు. “మీరే నా బరువమ్మా, కదలబాకండి,” అనేవాడు. వెనక బరువు పడితే చక్రానికి పట్టు దొరికేది. ఆ నల్లబురదే తెల్లగా మారి స్కాట్లండు వచ్చిందనుకుంటే భయం దేనికని ఆవిడ తేల్చుకుంది.

మర్నాడు నాకు శీతాకాలపు టైర్లు వచ్చాయి. డిక్కీలోకి రెండు పదికిలోల సోనామసూరి బస్తాలు వచ్చాయి. సరిగ్గా నా వెనక చక్రాల మధ్య. అబ్బ, ఆ బరువు ఎంత బాగుందో! పదకొండేళ్ళు నన్ను దుప్పట్లు కప్పి పూజించారు గానీ, నాకేం కావాలో ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం సూపర్ మార్కెట్ ఖాళీ పార్కింగుకు పోయాం. ఎటు చూసినా తెలుపు, ఒక్క కారు లేదు. ఆవిడ రెండో గేరులో క్లచ్ మెల్లగా వదిలింది. నేను కదిలాను. మలుపులో నా తోక జారింది. ఆవిడ బ్రేకు తొక్కలేదు, తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పింది. నేను సర్దుకున్నాను. మళ్ళీ తిప్పింది, మళ్ళీ జారాను, మళ్ళీ సర్దుకున్నాను. పదోసారికి ఆవిడ కావాలనే నా తోక జార్చి, గిర్రున ఒక సున్నా చుట్టించి, పడీపడీ నవ్వింది. టాపు తీసేసింది. మైనస్ మూడు డిగ్రీల చలిలో, మంకీ క్యాపుతో, యాభై నాలుగేళ్ళ లెక్కల టీచరు మంచు మీద సున్నాలు చుడుతోంది. నేను పుట్టింది ఇందుకేనని నాకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం ఒక చిక్కొచ్చింది. ఇండియన్ సరుకుల లారీ మంచు వల్ల పట్నంలోనే ఆగిపోయింది. సీమంతానికి ఎనభై మంది వస్తారు. లెక్కల టీచరు కదా, లెక్క తప్పదని మీరు అనుకుంటారు, కానీ భోజనాల దగ్గర తెలుగువాళ్ళ లెక్క వేరు. ఎనభై మందంటే నూట యాభై మందికి వండాలి. చాలకపోతే పరువేం కాను? ఇంట్లో గుప్పెడు బియ్యం లేవు. శనివారం తెల్లారేసరికి ఆవిడ గ్యారేజీకి వచ్చి నా డిక్కీ తెరిచింది. రెండు బస్తాలూ ఎత్తుకుపోయింది. నా వెనక భాగం ఒక్కసారిగా తేలికైపోయి, గుండె జారిపోయింది.

పది గంటలకు ఫోను మోగింది. పున్నారావు రాత్రి డ్యూటీ ముగించుకుని ఆసుపత్రి నుంచి నేరుగా హాలుకు బయలుదేరుతున్నాడు. గ్యారేజీలో ఆవిడ స్పీకరు పెట్టి మాట్లాడింది కాబట్టి అంతా విన్నాను.

“బస్తాలు డిక్కీలో ఉన్నాయిగా?”

“లేవు. వండేశా.”

“బరువంతా వండేశావా! ఏందే హైమా, అదేం బండనుకున్నావు?”

“మీరు డాక్టరేనా అసలు? వండితే బరువు యాడికి పోద్ది? నీళ్ళు తాగి పెరుగుద్ది. ఇరవై కిలోలు పోయి యాభై కిలోల పులిహోర వచ్చింది. పెట్టేయండి ఫోను, మూత సరిగా పడట్లేదు.”

నిజమే! మూడు పెద్ద మూత డబ్బాల పులిహోర నా డిక్కీలో దిగింది. బస్తాలను మించిన బరువు, పైగా వెచ్చగా, ఇంగువ పోపు వాసనతో. ఖాళీ బస్తాలు మడిచి సందుల్లో కుక్కింది. పక్క సీట్లో చలిమిడి గిన్నె పెట్టి దానికి సీటు బెల్టు కట్టింది. “పదవే ఎర్రపిల్లా,” అంది.

గుట్టకు మూడు మలుపులు. మొదటి మలుపులో నా తోక కొంచెం ఊగింది, ఆవిడ స్టీరింగుతో సర్దింది. ఇప్పుడు ఆగకూడదు. ఎక్కుడులో ఆగితే మళ్ళీ కదలడం ఉండదు. రెండో మలుపు తిరిగేసరికి రోడ్డు పక్క గుంటలోకి ముందు చక్రం దించుకుని ఒక పెద్ద బండి కనిపించింది. నాలుగు చక్రాలూ తోసే బండే. పాపం దానికి ఎండాకాలపు టైర్లే ఉన్నాయి. నాలుగు చక్రాలు తోస్తుంటే వేరే టైర్లెందుకని దాని యజమాని మార్చలేదు. ఆ యజమాని చలికోటులో రోడ్డు అంచున నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

“హైమా! ఆపు! ఆపవే!”

ఆవిడ అద్దం దించింది. వేగం తగ్గించలేదు. “ఆపితే కదలదండీ! పైకి నడిచి రండి, పులిహోర ఉంచుతా!”

నేను ఆయన బూట్ల మీద కొద్దిగా మంచు చిమ్ముకుంటూ పోయాను. కావాలని కాదు. అంటే, పూర్తిగా కావాలని కాదు.

మూడో మలుపులో వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఒక్క క్షణం నేను వెనక్కి జారాను. చలిమిడి గిన్నె బెల్టుకు వేలాడింది. ఆవిడ యాక్సిలేటర్ మీంచి కాలు తీసేసింది, మెల్లగా మళ్ళీ ఆనించింది. “నాన్నా,” అంది నెమ్మదిగా. డబ్బాలు వెనక్కి ఒరిగాయి, బరువంతా చక్రాల మీద పడింది, టైరు మంచును కొరికింది. ఎక్కేశాను! హాలు గుమ్మంలో గాజుల చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని ప్రసూన ఏడుస్తూ నవ్వింది. పుట్టింటి తరఫున ఎవరూ రారేమో అనుకుందట.

పున్నారావు ఇరవై నిమిషాలకు రొప్పుతూ వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా మూడుసార్లు పులిహోర పెట్టించుకున్నాడు. మిగిలినదంతా ఖాళీ పెరుగు డబ్బాల్లోకెక్కి ఇంటింటికీ వెళ్ళిపోయింది. సాయంత్రానికి నా డిక్కీ ఖాళీ.

తన బండిని లాగడానికి ఎవరూ సోమవారం దాకా రారని తెలిసి, ఆయన నా పక్కన నిలబడ్డాడు. హైమవతి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“మీ బరువెంత?”

“తొంభై రెండు. ఎందుకు?”

“రెండు బస్తాలకన్నా బాగా ఎక్కువ. సీటు పూర్తిగా వెనక్కి జరుపుకుని కూర్చోండి. కదలబాకండి.”

ఆయన కదల్లేదు. గుట్ట దిగాం, మా ఇంటి గేటు దగ్గర, మొదటి రోజు నేను అల్లరైపోయిన అదే ఎక్కుడును ఒక్క ఊపులో ఎక్కాం. పారలు పట్టుకున్న పొరుగువాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన సీట్లోంచి లేవకుండానే ఫోను తీసి, పక్క ఊరి కుర్రాడికి బండి అమ్మట్లేదని చెప్పాడు.

అది జరిగి ఎనిమిదేళ్ళయింది. ఈ ఊళ్ళో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పులో ఊరగాయ చెడదు గానీ, కారు అడుగు తుప్పు పడుతుంది. నా అడుగు కూడా పడుతోంది. నిరుడు మెకానిక్ తల అడ్డంగా ఊపి రెండు చోట్ల అతుకులు వేశాడు. డిక్కీలో ఒక పసుపు మరక ఉంది, ఎన్నిసార్లు కడిగినా పోదు. పోవాలని నాకూ లేదు.

ఈ పొద్దున మళ్ళీ మొదటి మంచు పడింది. గ్యారేజీ తలుపు తెరుచుకుంది. వచ్చింది హైమవతి కాదు, పున్నారావు. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ, ఎవరూ చెప్పకుండానే ఒక బస్తా, మళ్ళీ వెళ్ళి ఇంకో బస్తా తెచ్చి, సరిగ్గా చక్రాల మధ్య సర్దాడు. నా వెనక భాగం హాయిగా కిందికి దిగింది. ఆయన ఇంట్లోకి చూసి కేకేశాడు.

“హైమా! బరువు పెట్టేశా. ఈసారన్నా వండబాకు!”