సముద్రం వైపు గది

జనార్దనరావు ఏ పనైనా నలుగుర్నీ అడిగి చేస్తాడని పలాసలో మంచి పేరు. ఆ నలుగురిలో భార్య ఎప్పుడూ లేదు. ఈ సంగతి ఊరికి తెలియదు. హైమవతికి తెలుసు.

అమ్మానాన్నల పెళ్ళికి పాతికేళ్ళు నిండుతున్నాయని కూతురు తనూజ హైదరాబాదు నుంచి రెండు హోటళ్ళ ఫోటోలు పంపింది. రెండూ విశాఖలో పెద్ద హోటళ్ళే. ఒకటి సముద్రం ఒడ్డున, రెండోది ఊరి నడిబొడ్డున. "ఏది కావాలో చెప్పండి నాన్నా, రెండ్రోజులకి గది బుక్ చేసేస్తాను" అంది.

ఫోటోలు చూడగానే హైమవతి మనసు ఒకచోట కూర్చుండిపోయింది. సముద్రం హోటల్లో గాజు తలుపు, దాని ముందు రెండు కుర్చీలు, మధ్యలో బల్ల మీద టీ కప్పులు. ఆ టీ ఎవరో పెట్టి తేవాలి, తను కూర్చుని వేడివేడిగా తాగాలి. అంతే ఆవిడ కోరిక. పెరట్లోనే జీడిపిక్కల ఫ్యాక్టరీ. పనివాళ్ళకి, బేరగాళ్ళకి, వచ్చేపోయే చుట్టాలకి టీలు పోసి, తన గ్లాసు దగ్గరికి వచ్చేసరికి పైన మీగడ కట్టి ఉంటుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ తాగింది చల్లారిన టీయే.

జనార్దనరావు ఫోటోలు చూసి గదుల గురించి ఆలోచించలేదు. రెండు హోటళ్ళకీ ఫోన్ చేసి, పలాస నుంచి మాట్లాడుతున్నానని చెప్పి ఒకే ప్రశ్న అడిగాడు.

"మీ ఉప్మాలోకి ఇరగని జీడిగుండ్లు ఏత్తారా, బద్దలేత్తారా?"

సముద్రం హోటలు అమ్మాయి "ఒక్క నిమిషం సార్" అని పాట పెట్టింది. ఆ పాట ఎంతకీ ఆగలేదు. ఊళ్ళో హోటలు మేనేజరు మాత్రం "గుండ్లే సార్, మీ పలాస సరుకే" అన్నాడు.

"సూసేవా? మర్యాదస్తుడు" అన్నాడు జనార్దనరావు.

"మనం ఉప్మా తినడానికి ఎల్తన్నామేటండీ?" అంది హైమవతి. ఆయన వినలేదు. అప్పటికే నందిగాంలో ఉన్న అక్కకి ఫోన్ కలుపుతున్నాడు.

ఈ ప్రాంతంలో విశాఖ వెళ్తున్నామని చెప్పడమంటే బండిలో చోటుందని చెప్పడమే. విన్నవాళ్ళు రాకపోతే చెప్పినవాళ్ళకి చిన్నతనం. ఆ అక్క పేరు పెద్దతల్లి. తమ్ముణ్ణి చిన్నబుచ్చే మనిషి కాదు.

"సముద్రమేటిరా, మనకి నేదా? హైమ పుట్టిందే సముద్రం పక్కన! ఊళ్ళో హోటలైతే ఆస్పత్రి దగ్గిర. మీ బావ మోకాళ్ళు సూపించీవొచ్చు. మేమూ వొచ్చెత్తాం."

పుట్టింది సముద్రం పక్కనే, నిజం. కొబ్బరితోట దాటితే ఇసుకే. కానీ ఆ ఇసుకలో ఆవిడ ఏనాడు కూర్చుంది కనక! నెత్తి మీద కొబ్బరిమట్టల మోపుతో ఇంటికి నడుస్తుంటే వీపు వెనక హోరు వినబడేది. దాన్ని చూడటమంటారా?

సాయంత్రం టెక్కలి నుంచి తారకేశ్వరరావు మాస్టారు వచ్చాడు. జనార్దనరావుకి చిన్ననాటి స్నేహితుడు, లోకంలో ప్రతిదానికీ తీర్పు చెప్పే మనిషి. కళ్ళజోడు పైకెత్తి ఫోటోలు చూసి, సముద్రం గాలికి ఒళ్ళునొప్పులొస్తాయని తేల్చేశాడు. ఊళ్ళో హోటలైతే బట్టల షాపులు దగ్గర, తన భార్య కూడా వస్తుందన్నాడు. అలా వాళ్ళకీ ఓ గది. హైమవతి అందరికీ టీలిచ్చింది. తన టీ చల్లారింది.

తనూజ రోజూ ఫోన్ చేసి "ఇంకా తేలలేదా నాన్నా?" అని అడిగేది. "నలుగురూ ఏటంటారో సూద్దారమ్మా" అనేవాడు ఆయన. హైమవతికి ఒళ్ళు మండిపోయేది. అడిగినవాళ్ళల్లా బండెక్కుతుంటే ఇంక తేలేదేమిటి, మునగడమే!

ఆదివారం పెద్దతల్లి మొగుణ్ణి వెంటబెట్టుకుని ప్రయాణం మాట్లాడటానికి వచ్చింది. హైమవతి టీ పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి ఆవిడ చెబుతోంది.

"హోటలు తిండి మీ బావకి పడదు. హైమా, ఆ సిన్న కుక్కరు పట్టుకో. గదిలోనే ఇంత అన్నం, సారూ పడేత్తే సరిపోద్ది. టీపొడి కూడా మర్సిపోకు."

"అదీ మాట! మా హైమ టీ ముందర ఏ హోటలు టీ ఆగుద్ది?" అని మురిసిపోయాడు జనార్దనరావు.

హైమవతి పళ్ళెం బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి.

"హోటలెందుకండీ మరి? ఈ పొయ్యినే మోసుకెల్తే సరిపోదా?" ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "నందిగాం అడిగేరు. టెక్కలి అడిగేరు. ఉప్మాలో పప్పు సంగతి కూడా అడిగేరు. నీకు ఏ హోటలు కావాలే అని నన్నొక్కసారి అడిగేరా?"

"నువ్వు సెప్పనేదు కదే..."

"అడిగితే కదా సెప్పడానికి!"

అక్కడే, అందరి ముందే కూతురికి ఫోన్ చేసింది. "అమ్మా, రెండు హోటళ్ళూ బుక్ సెయ్యి. ఊళ్ళో హోటల్లో మీ నాన్న, అత్త, మావ, మాస్టారోళ్ళు. సముద్రం హోటల్లో నేనొక్కదాన్నే. బండి వాళ్ళకే సాలదు, నాకు రైలు టికెట్టు తియ్యి."

పెద్దతల్లి బుగ్గలు నొక్కుకుంది. హైమవతి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఒంటరిగా పోవాలని ఆవిడకేం సరదా? ఆ ఫోటోలో కుర్చీలు రెండున్నాయి. రెండోది ఆయన కోసమే అనుకుంది.

ఆ తర్వాత మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. ఆయన ఫ్యాక్టరీలో ఫోన్ పట్టుకుని తిరుగుతుంటే, నన్నేం చెయ్యాలో కూడా నలుగుర్నీ అడుగుతున్నాడు కాబోలు అనుకుంది.

ప్రయాణం రోజు పలాస స్టేషన్లో సంచీ తనే మోసుకుని రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదలబోతుండగా చంకలో చిన్న బ్యాగు, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో జనార్దనరావు ఆయాసపడుతూ వచ్చి ఎదుటి సీట్లో కూలబడ్డాడు.

"వాళ్ళని బండిలో పంపీసేను. మాస్టారు సూసుకుంటాడు."

"ఎవర్నడిగి వొచ్చేరు?"

"ఎవర్నీ అడగనేదు."

ఆయన జేబులో ఫోన్ మోగింది. కప్పులు ఆవిడ చేతికిచ్చి బయటికి తీశాడు. అక్క. ఫోన్ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"ఎత్తమంటావేటి?" అని అడిగాడు.

"వొద్దు" అంది హైమవతి. ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు.

ఆయన కప్పు ఆయనకిచ్చి తనది నోటి దగ్గర పెట్టుకుంది. మొదటి గుక్కకే నాలిక చుర్రుమంది.

"సల్లారనీవే" అన్నాడాయన కంగారుగా.

ఆవిడ తల అడ్డంగా ఊపి ఇంకో గుక్క తాగింది.