కునుకు తీయనివ్వని కుర్చీ

ఆ గదిలో కుర్చీ ఎంత మెత్తనిదంటే, కూర్చోగానే కునుకు పట్టేస్తుంది. దాన్ని పట్టనివ్వకుండా చూడటమే అలారమక్క పని. మెదడు తరంగాలు కొలిచే ఆ ల్యాబులో టెక్నీషియన్‌ని అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు. తలకి వైర్ల టోపీ పెట్టుకున్న మనిషి కాస్త తూగితే చాలు, భుజం తట్టి "కళ్లు మూసుకోండి గానీ నిద్రపోకండి" అనేది.

మతిమరుపు మీద అక్కడ జరిగే పరిశోధన డాక్టరమ్మది. ఆమెకి కొత్తగా పెళ్లయింది. స్క్రీను మీద గీతలు చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ముసిముసిగా నవ్వుకునేది.

ఆ పొద్దున కుర్చీలో కూర్చున్నది ఒక టైలరు. పక్కనే ఆయన కూతురు.

"నిన్న చొక్కాకి ఒక చెయ్యి కుట్టాడండీ. రెండోది పట్టుకుని, ఇదెవరిదే అన్నాడు. కాసేపటికి మళ్లీ మామూలే. ఆ కాసేపూ ఏం జరిగిందో మాత్రం గుర్తులేదు. ముభావంగా ఉంటున్నాడని మొదట దిగులుకి మాత్రలిచ్చారు. ఇప్పుడు మతిమరుపు జబ్బంటున్నారు. మీరూ అదే అంటే ఇక కొట్టు మూసేస్తాం. కత్తెర చేతికివ్వాలంటేనే భయమేస్తోంది."

"నన్నడక్కుండా నా కొట్టు మూస్తుందట!" అన్నాడు టైలరు. "మతి పోయింది నాకా, దీనికా?"

రికార్డింగులో ఏ తేడా కనిపించలేదు. డాక్టరమ్మకి మాత్రం మనసొప్పలేదు. మతిమరుపు జబ్బు మెల్లగా తినేస్తూ పోతుంది. ఇలా చుట్టపుచూపుగా వచ్చి పోవడమేమిటి? మూర్ఛేమో అనిపించింది. కింద పడి కొట్టుకుంటేనే మూర్ఛ కాదు. కొందరికి కాసేపు జ్ఞాపకాన్ని మింగేసి ఊరుకుంటుంది. కానీ గీతల్లో దాని జాడ లేదే!

మధ్యాహ్నం ఆమె భర్త క్యారేజీ పట్టుకుని వచ్చాడు. ఆయన లెక్కల మాస్టారు. ఇద్దరూ కలిసి తిన్నాక, కొత్తగా వచ్చిన టోపీ పని చేస్తుందో లేదో చూడాలని ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టింది.

"పెళ్లయ్యాక నన్నింత శ్రద్ధగా చూడటం ఇదే మొదటిసారి" అన్నాడాయన మురిసిపోతూ.

"చూస్తోంది మిమ్మల్ని కాదు, మెదడుని. ఉందో లేదోనని."

కడుపు నిండిన మాస్టారికి మాట పూర్తికాకముందే తల వాలింది. అలారమక్క భుజం తట్టింది. మళ్లీ వాలింది. మళ్లీ తట్టింది.

"అక్కా, భోంచేసిన మనిషిని ఇలా లేపితే పాపం తగులుతుంది!"

"మీదేముంది తమ్ముడూ, పొద్దున ఆ టైలరుగారిని లేపలేక నా చెయ్యి పడిపోయింది."

పకపకా నవ్వుతున్న డాక్టరమ్మ నవ్వు సగంలో ఆగింది.

"ఆయన నిద్రపోతుంటే లేపావా?"

"లేపకపోతే ఊరుకుంటారా? రూలు మీరు పెట్టిందేగా అమ్మా!"

నిజమే. అందరి గీతలనీ పోల్చి చూడటానికి వీలుగా ఉంటుందని, రికార్డింగు మెలకువలోనే జరగాలని తనే రాసింది. మూర్ఛ తరంగాలు కొందరికి నిద్రలోనే బయటపడతాయి. తలుపు తనే మూసి, లోపల ఎవరూ లేరనుకుంది!

"ఇక నేను పడుకోవచ్చా?" అన్నాడు మాస్టారు.

"మీరు కాదు, టైలరుగారు పడుకోవాలి" అంటూ ఆమె ఫోను అందుకుంది.

మర్నాడు ఆయన్ని భోజనం చేసి రమ్మన్నారు. గదిలో పరదాలు దించారు. టైలరు గుర్రు పెడుతుంటే అలారమక్క చేతులు కట్టుకుని కూర్చుంది. "చేతులు దురద పెడుతున్నాయమ్మా" అని గొణిగింది కూడా. డాక్టరమ్మ స్క్రీను చూస్తోంది. కణత దగ్గరి వైరు నుంచి సాఫీగా సాగుతున్న గీతలో, గుడ్డలోంచి సూది మొన పైకి లేచినట్టు ఏదో పొడుచుకొచ్చింది. కాసేపటికి ఇంకొకటి.

"ఏమైందండీ?" కూతురు కంగారుపడింది.

"ష్... పడుకోనివ్వండి. దొరికింది."

గీతలు చూసిన నరాల డాక్టరు కూడా మూర్ఛేనన్నాడు. మందు మొదలుపెట్టారు. అది అందరి మతిమరుపుకీ పనికొచ్చే మందు కాదనీ, దిగులు మాత్ర ఇంకొన్నాళ్లు వాడాల్సిందేననీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

కొన్ని వారాలకి కూతురు ఫోను చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు.

"చొక్కా బిగుతైందని ఎవరో వస్తే నాన్న పోట్లాటకి దిగాడండీ. నీ కొలతలు నాకు బాగా గుర్తున్నాయి, మారింది నీ పొట్టేనయ్యా అన్నాడు! ఇక ఆ కొట్టు మూయించడం నా తరం కాదు."